పదకొండు దినాల అమ్మ

డ్రెస్డెన్ వదిలిపోయే ప్రతి మనిషీ ఆ ఊరి ఆఫీసుకు వెళ్లి, నేను పోతున్నానని ఒక కాగితం రాసివ్వాలి. చెప్పాపెట్టకుండా వెళ్లిపోవడం జర్మనీలో కుదరదు. వీళ్లు చావడానికి కూడా ముందుగా అపాయింట్‌మెంట్ తీసుకుంటారేమోనని ప్రసన్న అక్కడ చదువుకున్న రెండేళ్లూ నవ్వుకుంటూనే ఉంది. ఆ కాగితంలో ‘ఇకమీదట ఉండబోయే చిరునామా’ అని ఒక గడి ఉంటుంది. మొన్న గురువారం ఆ గడిలో నంద్యాల నూనెపల్లెలో తమ ఇంటి నంబరు రాసింది. గుమాస్తా ఆడమనిషి ముద్ర కొట్టి, క్షేమంగా వెళ్లమని చెప్పి, తర్వాతి మనిషిని పిలిచింది. రెండేళ్ల కాపురం ఆరు నిమిషాల్లో చెల్లిపోయింది.

శనివారం పొద్దున తొమ్మిదింటికి, రెండు పెట్టెలతో ఆటో దిగి, ఆ చిరునామా ముందు నిలబడింది. తలుపుకు తాళం. వాకిలికి అడ్డంగా ఎండిన రేగుకంప.

కంపను పక్కకు లాగబోతుంటే వెనకనుంచి కేక వినిపించింది.

"పాపా, ఆడనే ఆగు! గడప తొక్కొద్దు!"

ఎదురింటి గోవిందమ్మ. డెబ్బై ఏళ్ల మనిషి, జొన్నరొట్టెలు కాల్చి అమ్ముకుంటుంది. పిండి చేతులతోనే రోడ్డు దాటి పరుగున వచ్చింది.

"మీ యమ్మ పోయిన నచ్చత్రం మంచిది కాదంట. ఆరు నెల్లు ఇల్లు మూసిపెట్టల్లని అయ్యోరు చెప్పినాడు. దీపం గూడా పెట్టగూడదంట. మీ యక్క చెప్పలేదా నీకు?"

"చెప్పలేదవ్వా."

"ఏందో తల్లీ. అది నీకు ఏం చెప్పిందో, ఏం చెప్పలేదో."

అదీ సంగతి! అక్కడ గది తాళాలు ఇచ్చేసి వచ్చింది. ఇక్కడ ఇంటికి తాళం. ఏ ఇంటికోసం ఒక ఊరినే వదులుకుని వచ్చిందో, ఆ ఇంటి గడప తొక్కడానికి లేదు. ప్రసన్నకు ఏడుపు రాలేదు. ఒళ్లు మండింది. నాలుగు రోజులుగా ఆమెకు కన్నీళ్లు రాని చోటల్లా మంటే వస్తోంది.

గోవిందమ్మ ఆమె చెయ్యి పట్టుకుని తన అరుగు మీద కూర్చోబెట్టి, చెంబుతో నీళ్లిచ్చింది. నీళ్లు తాగి, ప్రసన్న ముందుగా అడిగిన మాట అమ్మ ఎలా పోయిందని కాదు.

"అవ్వా, మీ మనమరాలు జాహ్నవి ఏది?"

"జాహ్నవా? అది బడి తెరిచిననుంచి కర్నూల్లో హాస్టల్లో ఉండాది కదా. ఎందుకు పాపా?"

ప్రసన్న చెంబు కింద పెట్టింది. ఆమె భయపడినంతా అయింది.

సంగతేమిటంటే, ప్రసన్నకూ వాళ్లక్క సుప్రజకూ తండ్రి చిన్నప్పుడే పోయాడు. ఉమామహేశ్వరమ్మ ఒంటిచేత్తో ఇద్దరినీ పెంచింది. సుప్రజ నర్సు చదువు చదివి, ఆళ్లగడ్డ దగ్గర పల్లెల్లో టీకాలు వేసే పనిలో కుదిరింది. పెళ్లయింది, రెండేళ్లకే చెడింది, తిరిగి అమ్మ దగ్గరికి వచ్చేసింది. రోజూ నంద్యాలనుంచి ఆళ్లగడ్డకు బస్సులో పోయి వచ్చేది. చిన్నది ప్రసన్న చదువుల్లో ముందుండేది. కొలిమిగుండ్ల పక్క సున్నపురాతి నేలల్లో నీళ్లు ఏ దారిన పోతాయో తెలుసుకునే చదువు కావాలని పట్టుపట్టి డ్రెస్డెన్ వెళ్లింది.

ఉమామహేశ్వరమ్మ చదివింది ఐదో తరగతి. ఆమెకు ఫోనులో రాయడం రాదు. రోజూ సాయంత్రం నోటితోనే మెసేజీ పంపేది. మూడు నిమిషాలు, నాలుగు నిమిషాలు. కుక్కరు కూతలు, పక్కింటివాళ్ల గొడవ, తిన్నావా, పండుకున్నావా, జడ వేసుకుంటాండావా. పని ఒత్తిడిలో ఉన్నప్పుడు ప్రసన్న వాటిని రెండింతల వేగంతో వినేది. అమ్మ గొంతు చిలక గొంతులా వచ్చేది.

ఆ గొంతు ఉన్నట్టుండి ఆగిపోయింది. దాని బదులు అక్షరాలు వచ్చాయి. ‘గొంతు పోయింది నాయనా. డాక్టరు మాట్లాడొద్దన్నాడు. గోవిందమ్మ మనమరాలు జాహ్నవి టైపు కొడతాంది. తిన్నావా?’ ప్రసన్న ‘తిన్నా మా’ అని పంపింది. ఆ రోజు ఆమె తినలేదు. థీసిస్ మీద ప్రశ్నలడిగే రోజు దగ్గరపడి, ల్యాబులో కాఫీతోనే గడిపింది. నిజం చెప్పుకోవాలంటే, అమ్మ మాట్లాడకపోవడం ఆమెకు హాయిగానే ఉంది. చిన్న మెసేజీ, చిన్న జవాబు. నాలుగు నిమిషాలు మిగిలేవి.

ఏడో రోజున ఇలా వచ్చింది: ‘చదివింది చాలు ప్రసన్నా. ఆడ ఉద్యోగం వద్దు. వచ్చెయ్. నువ్వు దగ్గరుంటే నాకు బాగుంటాది.’

అప్పటికి వారం ముందే ప్రొఫెసరు ఆమెకు మూడేళ్ల పరిశోధన ఉద్యోగం ఇస్తానన్నాడు. ఆ సంగతి అమ్మకు చెప్పింది కూడా. అమ్మ నోట ‘నాకు బాగుంటాది’ అన్న మాట ప్రసన్న పుట్టి బుద్ధెరిగాక వినలేదు. తనకేది బాగుంటుందో చెప్పుకునే మనిషి కాదామె. ఆ ఒక్క మాట పట్టుకుని, సోమవారం వెళ్లి ప్రొఫెసరుకు రానని చెప్పేసింది. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, "వచ్చే సోమవారం దాకా ఎవరికీ ఇవ్వను. మనసు మారితే ఒక్క ముక్క రాయి," అన్నాడు.

మర్నాడే ఆ ప్రశ్నల పరీక్ష, డిఫెన్స్. బాగా జరిగింది. స్నేహితులు ఏటి ఒడ్డుకు తీసుకెళ్లి కేకు కోయించారు. మొహం నిండా క్రీము పూసుకుని పడీపడీ నవ్వుతుండగా అక్క ఫోను చేసింది.

"పరీక్ష అయిపోయిందా?"

"అయింది. పాసయినా!"

"సరే విను. అమ్మ పోయింది. గుండెపోటు. నేటికి పదకొండు దినాలు. పొద్దున దినం గూడా అయిపోయింది. చిన్నాయన కొడుకు చేసినాడు. ఏడ్చుకుంటా రావాకు, నిదానంగా రా."

అంతే. కత్తితో కోసినట్టు చెప్పి పెట్టేసింది. ఆ క్రీము ఎప్పుడు కడుక్కుందో ప్రసన్నకు ఇప్పటికీ గుర్తు లేదు. గది ఖాళీ చేసింది, కుక్కరు ఎవరికో ఇచ్చేసింది, ఆఫీసులో కాగితం రాసిచ్చింది. విమానం ఎక్కాక గాని ఆ లెక్క బుర్రకెక్కలేదు. అమ్మ పోయి పదకొండు దినాలైతే, ఆ పదకొండు దినాలూ తిన్నావా అని అడిగింది ఎవరు? వచ్చెయ్ అన్నది ఎవరు?

ఇప్పుడామెకు తేలాల్సింది ఒక్కటే. ఆ మాట అమ్మ బతికుండగా అన్నదేనా? అన్నదాన్నే ఎవరో తర్వాత రాశారా? అలాగైతే ప్రసన్న నోరు మూసుకుని ఇక్కడే ఉండిపోతుంది, మళ్లీ ఆ ఊరి పేరెత్తదు. కాకపోతే ప్రొఫెసరు ఇచ్చిన గడువుకు ఇంకా రెండు రోజులుంది.

"అమ్మ ఫోను ఎవరి దగ్గర ఉండెనవ్వా?" అని అడిగింది.

"మీ యక్క చేతిలోనే. పీనుగ లేచినప్పుడు గూడా దాని చేతిలోనే చూసినా. ఇప్పుడది ఆళ్లగడ్డలో రూము తీసుకుని ఉండాది. రొట్టె తిని పోదువు, ఉండు."

"వచ్చి తింటానవ్వా," అని పెట్టెలు అక్కడే పడేసి, ప్రసన్న బస్టాండుకు నడిచింది.

శిరివెళ్ల దాటేదాకా బస్సులో సీటు దొరకలేదు. దొరికాక కిటికీ పక్కన కూర్చుని ఫోను తీసింది. అమ్మ నిజంగా పంపిన చివరి మెసేజీ, పోవడానికి ముందురోజు సాయంత్రానిది, సగం విని వదిలేసినది అలాగే ఉంది. ఇప్పుడు మామూలు వేగంతో చివరిదాకా విన్నది. ఉద్యోగం గురించి ఏమైనా ఉంటుందని చెవి ఫోనుకు అదిమి పెట్టుకుంది. ఏమీ లేదు. టమాటాలు కిలో నలభై అయినాయంట. కుళాయి రెండు దినాలకు ఒకసారి వస్తాందంట. ‘సరే నాయనా, కుక్కరు కూస్తాంది, పెట్టేస్తా.’ అమ్మ ఆఖరి మాట అదే.

నల్లమల కొండలు పక్కనే వస్తున్నాయి. ఆ కొండలకోసం డ్రెస్డెన్‌లో మొహం వాచిపోయేది ప్రసన్న. ఆ ఊరిని ఆమె తిట్టని రోజు లేదు. చలికాలం మధ్యాహ్నం నాలుగింటికే చీకటి. ఆదివారమొస్తే ఊరంతా నోరు మూసుకుని పడుకుంటుంది. పక్కగది మనిషి రెండేళ్లలో పేరు కూడా అడగలేదు. ఇవన్నీ అమ్మకు చెప్పుకుని తిట్టిపోసేది. అలాంటిది శుక్రవారం ఆఖరుసారి పసుపు ట్రాములో వంతెన మీద పోతుంటే ఏడుపు తన్నుకొచ్చింది. ఎందుకో అప్పుడు అర్థం కాలేదు. ఊరి మీద అంత ప్రేమ ఎప్పుడు పుట్టిందా అనుకుంది. ఇప్పుడీ బస్సులో తెలిసింది. నంద్యాలలో అమ్మ ఏ రోజు పోయిందో ఆ రోజే పోయింది. డ్రెస్డెన్‌లో మాత్రం ఇంకా పదకొండు దినాలు బతికింది. ఆ ఏటి ఒడ్డున, ఆ ట్రాములో, ఆ ల్యాబు మెట్లమీద ప్రసన్నను తిన్నావా అని అడుగుతూనే ఉంది. ఆ ఊరు వదలడమంటే అమ్మ చివరగా బతికిన చోటు వదలడమే.

ఆళ్లగడ్డలో రాళ్లు చెక్కే పనివాళ్ల షెడ్డు వెనక, మేడమీద ఒక్క గది సుప్రజది. ఉలి చప్పుడు ఆగకుండా వినిపిస్తోంది. తలుపు తీసేసరికి సుప్రజ వంకాయ కూర దించుతోంది. పదిహేను రోజుల్లో పదేళ్లు మీదపడిన మొహం.

"వచ్చినావా. కాళ్లు కడుక్కో, అన్నం పెడతా."

"అమ్మ ఫోనేది?"

సుప్రజ గోడవైపు చూసింది. ఫోను అక్కడ చార్జింగులో ఉంది. తెర మీద నూరు శాతం.

"ఇంకా చార్జింగు పెడతాండావా?"

"పెట్టకపోతే ఆగిపోతాది కదా."

"రాసింది నువ్వేనా?"

"నేనే."

"అన్నీనా?"

"అన్నీ."

"వచ్చెయ్ అని రాసినావే, అది అమ్మ చెప్పిందా?"

సుప్రజ గరిటె కింద పెట్టింది. కంచం తీసి, అన్నం వడ్డించి, కూర వేసి, చెల్లెలి ముందు నేలమీద పెట్టింది. అబద్ధం చెప్పదలుచుకుంటే ఆ క్షణంలో చెప్పేసి ఉండొచ్చు. ‘అవును, అమ్మే చెప్పింది’ అంటే ఇంత కథే లేదు. కానీ పదకొండు దినాల అబద్ధంతో ఆమె విసిగిపోయి ఉంది.

"లేదు. చెప్పలే."

"మరి ఏమనింది?"

"ఏమీ అనలే ప్రసన్నా. నీ పేరూ ఎత్తలే, నా పేరూ ఎత్తలే. నీళ్లడిగింది. తాపితి. తల వాల్చేసింది."

ప్రసన్నకు తల మీద కొట్టినట్టయింది. "నువ్వు మనిషివేనా?" అంది. "నా ఉద్యోగం పోగొట్టినావ్. చచ్చిన అమ్మ పేరు పెట్టుకుని నాతో ఆడుకున్నావ్. ఎంత ధైర్యమే నీకు!"

"చెప్పింటే పరీక్ష ఇడిసిపెట్టి ఉరికొచ్చేదానివి. రెండేండ్ల చదువు మట్టి కొట్టుకపోయేది. అందుకే దాచినా."

"అది నేను అడగలే! దాచినావ్, సరే. వచ్చెయ్ అని ఎందుకు రాసినావ్?"

కింద ఉలి ఒక్క నిమిషం ఆగింది. సుప్రజ గోడకు చేరగిలబడి కూర్చుంది.

"పీనుగను లేపినాక తలకు నీళ్లు పోసుకుని, తడి వెంట్రుకలతో కూర్చుని నీకు రాసినా, తిన్నావా నాయనా అని. నువ్వు తిన్నా మా అని ముద్దు బొమ్మ పెట్టినావ్. మూడో దినం కాట్లో బొగ్గులు ఏరి వచ్చి రాసినా, పండుకున్నావా అని. దినామూ అంతే. ఇంటి నిండా చుట్టాలు ఉండారు. దర్భ యాడ, నువ్వులు యాడ, అయ్యోరికి పంచె తెచ్చినావా అని అందరూ నన్నే అడుగుతారు. సుప్రజా, నువ్వు తిన్నావా అని ఒక్కరు అడగలే. అమ్మ ఉంటే అడిగేది. ఆ అమ్మను గూడా నేనే కదా అయి కూర్చుంటి. ఏడో దినం నా వల్ల కాలే. చెయ్యి దానంతట అది రాసేసింది."

"అయితే నీ పేరుతో రాయల్ల! అక్కను, ఒంటరిగా ఉండా, రా అని రాయల్ల!"

"రాసింటే వచ్చేదానివా?"

ప్రసన్న మనసులో లెక్క వేసుకుంది. రెండేళ్లలో తాను అక్కకు ఫోను చేసింది ఎన్నిసార్లు? రెండుసార్లు. ఒకటి పుట్టినరోజుకు, ఇంకొకటి మార్కుల కాగితం స్కాను చేసి పంపమనడానికి. అమ్మతో మాట్లాడేటప్పుడు వెనక అక్క గొంతు వినిపిస్తే, అక్కను అడిగినానని చెప్పు అని అమ్మతోనే చెప్పించేది. అక్క ‘రా’ అంటే నవ్వి, ‘చూద్దాంలేక్కా’ అని ఉండేది. ఆ సంగతి ఆమెకు తెలుసు. ఎదురుగా కూర్చున్న మనిషికి ఇంకా బాగా తెలుసు. తప్పు చేసిన మనిషే నిజం మాట్లాడుతుంటే అంతకన్నా నరకం ఏముంటుంది?

సిగ్గు వేసింది. ఆ సిగ్గుకు కోపం ఇంకా ఎక్కువైంది. అక్కడే, అక్క కళ్లముందే ఫోను తీసి రాయడం మొదలుపెట్టింది.

"ఏందీ రాస్తాండావ్?"

"ప్రొఫెసరుకు. వస్తానని. సోమవారం దాకా టైముంది."

సుప్రజ వద్దనలేదు. కొంగుతో మొహం తుడుచుకుంది. "రాయి," అంది. "పో. నిన్ను ఎవరు పట్టుకున్నారు? ఇల్లు ఎట్లాగూ మూసేసినారు."

ప్రసన్న రాసింది, పంపింది. ఫోను సంచిలో వేసుకుని లేచింది.

"రొండు ముద్దలు తిని పో," అంది సుప్రజ.

"వద్దు."

"పొద్దన్నుంచి ఏం తిన్యావు? మొహం చూడు ఎట్లుందో. అన్నం మీద కోపమేంది?"

"వద్దంటాండా కదా!"

చెప్పులు వేసుకుని మెట్లు దిగింది. వెనక్కి చూడలేదు. కంచంలో అన్నం పొగలు కక్కుతూ అక్కడే ఉండిపోయింది. షెడ్డులో పనివాళ్లు ఉలి ఆపి ఒకసారి తలెత్తి చూసి, మళ్లీ పనిలో పడ్డారు.

నంద్యాల బస్సు వెంటనే దొరికింది. ఆళ్లగడ్డ ఊరు దాటకముందే ప్రొఫెసరు జవాబు వచ్చింది. చాలా సంతోషమట. ఉద్యోగం ఆమెదేనట. గది దొరికేవరకు తమ ఇంట్లో ఉండొచ్చట. ప్రసన్న ఆ నాలుగు వాక్యాలు చదివి సంతోషంకోసం కాసేపు ఎదురుచూసింది. అది రాలేదు. ఆ ఊరికే పోతుంది, సరే. ఆ వంతెన, ఆ ట్రాము, ఆ మెట్లు ఎక్కడివక్కడే ఉంటాయి. అక్కడ అమ్మ పదకొండు దినాలు ఎక్కువ బతికిందని మురిసిపోవడానికి మాత్రం ఇక లేదు. బతికించింది ఎవరో, ఏ తడి వెంట్రుకలతో కూర్చుని బతికించిందో ఇప్పుడు తెలుసు. ఆ మనిషి పెట్టిన అన్నం మీదనుంచి లేచి వచ్చేసింది.

కడుపులో ఆకలి మెలిపెడుతోంది. నిన్న విమానంలో తిన్న బ్రెడ్డు ముక్కే ఆఖరు.

శిరివెళ్ల దగ్గర ఫోను మోగింది. మెసేజీ. తెరమీద పేరు ‘అమ్మ’.

‘బస్సు దొరికిందా? తిన్నావా?’

ఒక్క క్షణం అమ్మే అనుకుంది ప్రసన్న. ఆ వెంటనే కోపం వచ్చింది. ఎంత తెగింపు! అంతా తెలిసిపోయాక కూడా, ఏ ముఖం పెట్టుకుని? ‘నువ్వు అమ్మవు కావు’ అని రాసింది. తుడిచేసింది. ‘ఇంకోసారి ఈ నంబరునుంచి పంపావంటే’ అని రాసింది. అదీ తుడిచేసింది. ‘అక్కా’ అని ఒక్క మాట రాసి చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చుంది. ఆ మాట తర్వాత ఏం రాయాలో ఆమెకు తెలియలేదు. అక్కతో అట్లా మాట్లాడే అలవాటు ఎప్పుడూ లేదు. ‘నువ్వు తిన్నావా’ అని అడిగితే చాలు. ఆ రెండు మాటలు వేళ్లకు రాలేదు.

ఈ లోకంలో తనను తిన్నావా అని అడిగే నంబరు ఇంక అదొక్కటే. దాన్ని పోగొట్టుకునే ధైర్యం ప్రసన్నకు లేదు. అక్కకు అక్కగా జవాబిచ్చే మంచితనమూ లేదు.

‘అక్కా’ అన్నది తుడిచేసి, ‘తిన్నా మా’ అని పంపింది.

ఆళ్లగడ్డలో ఎవరో ఫోను చేతిలో పట్టుకునే కూర్చున్నట్టు, మెసేజీ పక్కన రెండు గీతలూ వెంటనే నీలంగా మారాయి. కాసేపటికి ఇంకో మెసేజీ వచ్చింది.

‘సరే నాయనా.’